తొలి రాకెట్ల జ్ఞాపకాలు: అపోహలు, వాస్తవాలు

శ్రీహరికోట నుంచి తొలి రాకెట్, చిన్న రోహిణి-125, 1971 అక్టోబరు 9న ఎగిరింది. ఆనాడు పాతికేళ్లున్న వాళ్లకు ఇప్పుడు ఎనభై. సూళ్లూరుపేట చుట్టుపక్కల వాళ్ల మాటలను రికార్డు చేసే పనిలో నేను పదే పదే వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండవు, కాబట్టి వాళ్ల మాట చరిత్రకు పనికిరాదు.

వాస్తవం: తేదీ జారిపోయినా ఆ రోజు జారిపోదు. ఉపగ్రహాన్ని మోసుకెళ్లే మన తొలి రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 సంగతే చూడండి. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం విఫలమైంది. 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. రెండూ ఉదయం 8 గంటల ప్రాంతంలోనే ఎగిరాయి, రెండూ శుక్రవారాలే. చూసినవాళ్లు రెండింటినీ కలిపి చెప్పడంలో వింతేముంది? "ఏ సంవత్సరం?" అంటే ఎవరైనా తడబడతారు. "అవ్వా, ఆ పొద్దు ఇంట్లో పూజేమన్నా చేసుకున్నారా?" అని అడగండి. 1979లో అది శ్రావణ శుక్రవారం, 1980లో ఆషాఢం. లేదంటే "జనమంతా తలుపులేసుకుని కూర్చున్న సూర్యగ్రహణానికి ముందా, తర్వాతా?" అనండి. 1980 ఫిబ్రవరి 16 నాటి ఆ గ్రహణం రెండు ప్రయోగాల మధ్యలో వచ్చింది. ఇలా అడిగితే చాలాసార్లు సంవత్సరం దానంతటదే తేలుతుంది. తేలకపోయినా రికార్డింగులో వాళ్ల మాటను దిద్దకూడదు. మన సందేహాన్ని పక్కన వేరే కాగితంలో రాసుకోవాలి.

అపోహ: శాస్త్రవేత్తలు చెప్పింది చాలు.

వాస్తవం: 1979 వైఫల్యానికి సాంకేతిక కారణం నివేదికల్లో ఉంది. రాకెట్ రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వు సరిగా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. రాకెట్ అదుపు తప్పి, ఎగిరిన అయిదు నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. అయితే ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎవరైనా అన్నం తిన్నారా, బస్సు తోలిన డ్రైవరుతో ఎవరైనా మాట్లాడారా అన్నది ఏ నివేదికలోనూ దొరకదు. వెల్డర్లు, వంటవాళ్లు, ప్రయోగం రోజు వేటకు వెళ్లొద్దని కబురందుకున్న మత్స్యకారులు, రాకెట్ కేంద్రం రాకముందు నుంచీ శ్రీహరికోట దీవి అడవినే నమ్ముకున్న యానాదులు చెప్పాల్సినవి అవి. వాళ్ల జ్ఞాపకాల్లో గర్వంతోపాటు ఊరు వదిలిన బాధ కూడా ఉంటుంది. రెండూ ఉంచాలి. అసలు ముందు వెళ్లాల్సింది వీళ్ల గడపకేనని నా గట్టి నమ్మకం, ఎందుకంటే శాస్త్రవేత్తలు కొందరైనా తమ కథ తామే రాసుకున్నారు.

అపోహ: పాత ఫొటో ఉంటే కథ ఉన్నట్టే.

వాస్తవం: ఎడ్లబండి మీద ఉపగ్రహం ఉన్న ఫొటో అందరం చూసిందే. డబ్బుల్లేక బండి మీద మోశారని, అది శ్రీహరికోట రాకెట్‌దని రాస్తుంటారు. అది 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్లిన మన దేశపు యాపిల్ ఉపగ్రహం. లోహపు వాహనమైతే యాంటెన్నా పరీక్షకు అడ్డొస్తుందని చెక్కబండి వాడారు. ఆ కారణం చెప్పగలిగింది అక్కడ పనిచేసినవాళ్లే. అందుకే ఇంట్లో ఫొటో దొరికితే దాన్ని వాళ్ల చేతిలో పెట్టి, ఫొటోలో పడనిదేమిటో అడగండి.

అపోహ: కాగితం మీదికి ఎక్కించాక ఆడియో అక్కర్లేదు.

వాస్తవం: గొంతు, యాస, ఆగి ఊపిరి పీల్చుకోవడం కాగితానికి ఎక్కవు. వేవ్ (WAV, కుదించని ఆడియో) ఫైలుగా ఉంచి మూడు కాపీలు తీయండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పాత క్యాసెట్లుంటే ముందు వాటి సంగతి చూడండి, టేపు పాడవుతోంది.

అపోహ: నలుగురినీ ఒకచోట కూర్చోబెడితే బాగా గుర్తొస్తాయి.

వాస్తవం: గట్టిగా మాట్లాడేవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ముందు విడివిడిగా మాట్లాడండి, ముఖ్యంగా భార్యాభర్తలతో. ఆయన ప్రయోగం గురించి చెబుతారు, ఆవిడ ఆయన ఆ రాత్రి ఎన్ని గంటలకు ఇంటికి వచ్చారో చెబుతుంది. అనుమతి రికార్డింగుకు ముందు ఒకసారి, దాన్ని వాళ్లు విన్నాక ఇంకోసారి తీసుకోండి. విశ్రాంత ఉద్యోగి "ఇది చెప్పకూడదు" అంటే అక్కడితో ఆపేయండి, మళ్లీ అడగొద్దు.