విత్తనం కట్టని పిప్పరమెంటు

చిన్నప్పుడు మాకు చప్పరించే బిళ్ల ఏదైనా పిప్పరమెంటే. నారింజ తొన ఆకారంలో ఉన్నదీ పిప్పరమెంటే. ఆ పేరున్న మొక్క నిజంగా ఉందనీ, అది మన పచ్చడి పుదీనాకు పుట్టిన సంకరమనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ సంకరంలో రెండో పక్షం నీటి పుదీనా. యూరప్ కాలవగట్ల మీద పెరిగే రకం. 1696లో వృక్షశాస్త్రవేత్త జాన్ రే ఇంగ్లండ్‌లో దొరికిన పిప్పరమెంటును వర్ణించాడు. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దాన్ని ప్రత్యేక జాతి అనుకుని పేరు పెట్టాడు. పుదీనా కణంలో 48 క్రోమోజోములు, నీటి పుదీనాలో 96. చెరి సగం ఇస్తే బిడ్డకు 72. లెక్క కుదిరింది గానీ క్రోమోజోముల జతలు కుదరలేదు. అందుకే పూలు పూస్తుంది, తేనెటీగలు మూగుతాయి, విత్తనం మాత్రం దాదాపు కట్టదు. పిప్పరమెంటు విత్తనాలంటూ ఎవరైనా పొట్లం అమ్మితే నాకు అనుమానమే.

విత్తనం లేకపోతే కొత్త రకాన్ని పుట్టించేదెలా? అమెరికా పొలాల్లో మట్టిలోని బూజు ఈ పంటను వడలగొడుతుంటే ఇదే చిక్కొచ్చింది. చివరికి 1950లలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పిలకల మీద రేడియేషన్ పంపి, వాటిని తెగులు నేలలోనే నాటారు. తట్టుకుని నిలిచిన వాటిలోంచి వచ్చిందే 'టాడ్స్ మిచమ్' అనే రకం.

పిప్పరమెంటు ఘాటు మెంథాల్‌ది. నోట్లో చలువను పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది. నాలుక చల్లబడదు, చల్లబడ్డానని నమ్ముతుంది, అంతే. పుదీనా వాసన వేరు, దానిది కార్వోన్ అనే మరో పదార్థం. ఓసారి పిప్పరమెంటు ఆకుతో పచ్చడి నూరాను. పచ్చిమిర్చి, చింతపండు ఎంత వేసినా పళ్లపొడి కలిపి తిన్నట్టే ఉంది. బిర్యానీకీ పనికిరాదు. టీకి మాత్రం నాలుగాకులు గ్లాసులో వేసి, మరిగే నీళ్లు పోసి, ఆవిరి పోకుండా మూత పెడితే బావుంటుంది.

పెంచడం తేలిక. నాలుగు పలకల కాడను కణుపు కింద కోసి నీళ్లలో ఉంచితే కొన్నాళ్లకు తెల్లని వేళ్లు పొడుచుకొస్తాయి. కుండీలోనే నాటండి, నేలలో వేస్తే పిలకలు పక్క మడినీ ఆక్రమిస్తాయి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం నీడ తప్పనిసరి. ఎవరైనా కొమ్మ ఇస్తే ముందు ఆకు తిప్పి చూడండి. అడుగున నారింజ రంగు పొక్కులుంటే అది తుప్పు తెగులు, అలాంటి కొమ్మ తెచ్చుకోకండి.