సూది మొన మీద క్రోమియం

మల్టీవిటమిన్ సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉండే పట్టికలో జింక్, సెలీనియం, కాపర్‌ల సరసన క్రోమియం పేరు కూడా కనిపిస్తుంది. ఇన్ని మైక్రోగ్రాములు, రోజువారీ అవసరంలో ఇంత శాతం అని లెక్క. ఆ 'అవసరం' అనే మాట దగ్గరే గొడవ మళ్లీ రాజుకుంది. షుగర్‌ను అదుపులో ఉంచుతుందని అమ్మేవాళ్లు ఒకవైపు, అసలు మనిషికి దాని అవసరమే లేదనే బయోకెమిస్టులు ఇంకోవైపు. ఇద్దరి చేతుల్లోనూ అధికారిక కాగితాలున్నాయి. రక్తంలో గ్లూకోజ్ మామూలు స్థాయిలో ఉండటానికి క్రోమియం తోడ్పడుతుందని లేబుల్ మీద రాసుకోవచ్చని యూరోపియన్ యూనియన్ 2012లో అనుమతి ఇచ్చింది. ఆ మాట శాస్త్రీయంగా సరైనదేనని అంతకు రెండేళ్ల ముందు చెప్పింది యూనియన్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్‌ఎస్‌ఏ నిపుణులు. 2014లో ఆ సంస్థే ఇంకో నివేదిక ఇచ్చింది. క్రోమియం తప్పనిసరి పోషకం అనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు, కాబట్టి రోజుకు ఇంత తీసుకోవాలని చెప్పలేం అని తేల్చింది. అయినా లేబుల్ మీద మాట అలాగే ఉంది.

ఈ తగాదా అర్థం కావాలంటే 1970ల చివర్లో ల్యాబుల్లో బయటపడిన ఒక ఇబ్బందికరమైన సంగతి దగ్గర మొదలుపెట్టాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టకపోవడానికి కారణం అందులోని క్రోమియం. కనీసం 10.5 శాతం ఉంటేనే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. మామూలుగా వాడే రకంలో 18 శాతం దాకా ఉంటుంది. రక్తం తీసే సూది ఆ స్టీలే. కణజాలాన్ని కోసే కత్తి, నమూనాను రుబ్బే బ్లెండర్ బ్లేడు కూడా అదే. ఇక మనిషి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, ఉండే క్రోమియం ఎంత? లీటరుకు 0.1 నుంచి 0.2 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో 10 లక్షల వంతు. అంత తక్కువను కొలవబోతూ స్టీలు సూది గుచ్చితే, సూది నుంచి రాలినదే అసలుకంటే ఎక్కువైపోతుంది. 1950లు, 60ల పేపర్లలో లీటరుకు పదుల్లో, వందల్లో మైక్రోగ్రాములు ఉన్నట్టు అంకెలు వచ్చాయి. అంటే అసలు లెక్కకు వందల, వేల రెట్లు! పరికరాలూ తక్కువ తినలేదు. వెనక నుంచి వచ్చే కాంతిని సరిగ్గా మినహాయించలేని కొలత యంత్రాలు మూత్రంలో లేని క్రోమియాన్ని కూడా ఉన్నట్టు చూపించాయి. జాగ్రత్తలు పెరిగి, యంత్రాలు బాగుపడేకొద్దీ 'మామూలు స్థాయి' అంకె మెట్లు దిగినట్టు పడిపోతూ వచ్చింది.

దీని దెబ్బ చిన్నది కాదు. షుగర్ రోగుల్లో క్రోమియం తక్కువగా ఉంటుంది, వయసు మీదపడేకొద్దీ తగ్గుతుంది, ఫలానా ఆహారంలో ఇంత ఉంటుంది అంటూ 1980కి ముందు వచ్చిన కొలతల్లో చాలావాటిని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో మొత్తం వివాదానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఎందుకంటే కొలతల మీద నమ్మకం పోయేసరికే క్రోమియం తప్పనిసరి పోషకాల జాబితాలో సీటు సంపాదించేసింది.

ఆ సీటు దొరికిన తీరుకు సెలీనియానిది పెద్ద పూచీ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో క్లాస్ స్వార్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎలుకలకు టోరులా ఈస్ట్ ఆహారం పెడితే వాటి కాలేయం కుళ్లిపోయేది. దాన్ని ఆపే ఏదో పదార్థానికి 'ఫ్యాక్టర్ 3' అని పేరు పెట్టి ఏళ్ల తరబడి వెతికాడు. ఓసారి ల్యాబ్‌కు వచ్చిన సీనియర్ ఒకాయన వెల్లుల్లి లాంటి వాసన పసిగట్టి ఇది సెలీనియమే అన్నాడని చెప్పుకుంటారు. 1957లో అది నిజమేనని తేలింది. అప్పటిదాకా పశువులకు విషంగానే పేరున్న మూలకం ఒక్కసారిగా ప్రాణాధారం అయిపోయింది. స్వార్ట్జ్ పేరు మారుమోగింది.

అదే ఈస్ట్ ఆహారం తిన్న ఎలుకల్లో, రక్తంలోకి ఎక్కించిన గ్లూకోజ్ తగ్గడానికి ఎక్కువ సమయం పడుతోందని ఆయన, సహ పరిశోధకుడు వాల్టర్ మెర్ట్జ్ గమనించారు. ఈసారి లోపించినదానికి 'గ్లూకోజ్ టాలరెన్స్ ఫ్యాక్టర్' అని పేరు. అందులో పనిచేసేది మూడు ధన విద్యుదావేశాలున్న క్రోమియం అని 1959లో ప్రకటించారు. అయితే ఆ ఎలుకల ఆహారంలో అసలు క్రోమియం ఎంత ఉందో కొలవలేదు. పైగా అవి ఉన్నవి లోహపు తీగల బోన్లలో. ఎలుక అన్నాక బోను కొరకకుండా ఉంటుందా? లోపం ఉందని చెప్పిన ప్రయోగంలో లోపం ఎంతో తెలియకపోవడం ఇవాళ వింతగా అనిపిస్తుంది కానీ, రెండేళ్ల క్రితమే సెలీనియం కనిపెట్టిన మనిషి మాటను ఎవరు కాదంటారు? అదే స్వార్ట్జ్ 1970లో తగరం కూడా ఎలుకల పెరుగుదలకు కావాలని చెప్పాడు. దాన్ని ఇప్పుడు తప్పనిసరి పోషకంగా ఎవరూ లెక్కపెట్టడం లేదు.

క్రోమియం పక్షాన గట్టిగా నిలిచేది 1977 నాటి టొరంటో కేసు. నోటితో తినలేక, మూడేళ్లకు పైగా రక్తనాళాల ద్వారానే పోషకాలు ఎక్కించుకుంటున్న మహిళ ఆమె. 15 శాతం బరువు తగ్గింది. కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నాయి. రోజుకు 45 యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చినా షుగర్ లొంగలేదు. ఖుర్షీద్ జీజీభోయ్ బృందం రెండు వారాలపాటు రోజూ 250 మైక్రోగ్రాముల క్రోమియం ఎక్కించింది. ఇన్సులిన్ అవసరం పోయింది, నరాలు కోలుకున్నాయి. చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరించే కేసు. అలాంటివి మరికొన్ని వచ్చాయి. 1979లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నిపుణులు, ఇలా రక్తనాళాల ద్వారా పోషణ పొందే పెద్దలకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు కలపమన్నారు.

ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. తిన్న క్రోమియంలో పేగులు పీల్చుకునేది మహా అయితే రెండున్నర శాతం, చాలాసార్లు అర శాతమే. ఆహారంలో 30 మైక్రోగ్రాములు తింటే, అర శాతం లెక్కన ఒంటికి పట్టేది 0.15 మైక్రోగ్రాము. ఆ మహిళ రక్తంలోకి నేరుగా వెళ్లింది 250. అంటే వెయ్యి రెట్లకు పైమాటే. అంత మోతాదులో ఏదైనా పనిచేస్తే దాన్ని మందు అనాలి గానీ లోపం తీరింది అనడం కష్టం అంటారు విమర్శకులు. పైగా ఆ ద్రావణాల్లో కలపకుండానే కొంత క్రోమియం కలుషితంగా ఉంటుందని తర్వాత తేలింది.

కమిటీలు మాత్రం అంకెలు ఇస్తూ పోయాయి. 1980లో అమెరికా పెద్దలకు 50 నుంచి 200 మైక్రోగ్రాములంది. 2001లో దాన్ని మగవాళ్లకు 35, ఆడవాళ్లకు 25కు దించింది. ఆ 35 ఎలా వచ్చిందంటే, సమతుల ఆహారంలో వెయ్యి కిలోకేలరీలకు 13.4 మైక్రోగ్రాములు ఉంటుందని తీసుకుని, జనం తినే సగటు కేలరీలతో గుణించారు. జనం తింటున్నదెంతో అదే కావలసినదంతా అన్నమాట.

సెలీనియం నిలబడిందంటే 1973లో దాన్ని తనలో దాచుకున్న ఎంజైమ్ దొరికింది కాబట్టి. జింక్‌కు ఎంజైములు బోలెడు. మాలిబ్డినంకూ ఉన్నాయి. క్రోమియం లేకపోతే ఆగిపోయే ఎంజైమ్ ఒక్కటి కూడా చూపించలేకపోయారు. 'గ్లూకోజ్ టాలరెన్స్ ఫ్యాక్టర్' కచ్చితమైన పదార్థంగా ఎవరి చేతికీ చిక్కలేదు. అలబామా యూనివర్సిటీ బయోకెమిస్ట్ జాన్ విన్సెంట్ 1990ల్లో 'క్రోమోడ్యులిన్' అనే చిన్న అణువు ఇన్సులిన్‌కు సాయం చేస్తుందని వాదించినవాడే. ఆయన బృందమే 2011లో ఎలుకలను లోహం తగలని బోన్లలో పెట్టి, కిలోకు 16 మైక్రోగ్రాములు మాత్రమే క్రోమియం ఉన్న ఆహారంతో ఆరు నెలలు పెంచింది. వాటికి ఏమీ కాలేదు. ఎక్కువెక్కువ ఇచ్చిన ఎలుకల్లో మాత్రం ఇన్సులిన్ పనితీరు కొంత మారింది. అంతే, ఇది తప్పనిసరి మూలకం కాదని వాళ్లు పేపర్ రాసేశారు. తన వాదనకు తానే అడ్డం తిరగడం ఈ రంగంలో అరుదు.

సమర్థకుల చేతిలో 1997 నాటి చైనా ట్రయల్ ఉంది. 180 మంది టైప్ 2 షుగర్ రోగుల్లో క్రోమియం పికోలినేట్ (మాత్రల్లో వాడే ఒక క్రోమియం రూపం) తీసుకున్నవాళ్లకు గ్లూకోజ్ తగ్గింది. తర్వాతి ట్రయల్స్‌లో కొన్నింట్లో తగ్గింది, కొన్నింట్లో లేదు. 2005లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ మీద ఒప్పుకున్న వాక్యంలో, క్రోమియం పికోలినేట్ ఇన్సులిన్‌కు ఒళ్లు లొంగకపోయే ముప్పును తగ్గించవచ్చని ఒక చిన్న అధ్యయనం సూచిస్తోందని చెబుతూనే, ఆ సంబంధం చాలా అనిశ్చితం అని కూడా రాయించింది. ఇది కూడా మందు గురించిన చర్చే.

రక్తనాళాల ద్వారా ఇచ్చే పోషణలో కలపడానికి ఎఫ్‌డీఏ 2020లో కొత్త సూక్ష్మ ఖనిజాల ఇంజెక్షన్‌కు అనుమతి ఇచ్చింది. అందులో జింక్, కాపర్, మాంగనీస్, సెలీనియం ఉన్నాయి. క్రోమియం లేదు.