నిపుణుల టార్గెట్ ధర: అపోహలు – వాస్తవాలు

షేర్లలో నష్టపోయి నా దగ్గరకు సలహా కోసం వచ్చేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "నిపుణులే కొనమన్నారు, వాళ్లు చెప్పిన టార్గెట్ (షేరు చేరుతుందని అంచనా వేసిన ధర) ఇంకా రాలేదు, అందుకే అమ్మలేదు." అన్నిటికంటే ఎక్కువ సొమ్ము పోగొడుతున్న అపోహ ఇదే కనుక ముందుగా దీని గురించే చెబుతాను.

అపోహ: టార్గెట్ ధర తెలిస్తే ట్రేడ్ నిర్ణయం పూర్తయినట్టే.

వాస్తవం: విశ్లేషకులు ఇచ్చే టార్గెట్ సాధారణంగా రాబోయే 12 నెలలకు వేసిన అంచనా. కంపెనీ అమ్మకాలు, లాభాలు, వడ్డీ రేట్లు ఫలానా విధంగా ఉంటాయని అనుకుని కట్టిన లెక్క అది. ఆ లెక్క చివరికి నిజమైనా, ఈలోగా షేరు 30 శాతం పడి లేవవచ్చు. వారం రోజుల్లో లాభం చూద్దామని మార్జిన్‌పై, అంటే బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని, కొన్నవారు ఆ పతనంలోనే బయటపడవలసి వస్తుంది. పరిస్థితులు మారినప్పుడు విశ్లేషకులు టార్గెట్ తగ్గిస్తూ మరో నివేదిక ఇస్తారు, కానీ మొదటిది చేరినంత మందికి రెండోది చేరదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తాను నమ్మిన నివేదికను ప్రింటు తీయించి, మడతలు నలగకుండా నా దగ్గరకు తెచ్చారు. షేరు అప్పటికే కొన్న ధరలో సగానికి పడింది. అదే సంస్థ నాలుగు నెలల క్రితమే తన 'కొనండి' సిఫారసును వెనక్కి తీసుకుందని చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయారు. తప్పు ఆయనది అనడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే అమ్మే సంగతి కూడా చూసుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సగం పోయిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే షేరు 50 శాతం కాదు, 100 శాతం పెరగాలి. అందుకే ఎన్నాళ్లకు కొంటున్నారో, ఎంత సొమ్ము పెడుతున్నారో, ఏ ధర దగ్గర తప్పుకుంటారో కొనేముందే రాసుకోమని అడుగుతాను. ఈ మూడింటిలో ఒక్కదానికీ టార్గెట్ ధరలో జవాబు దొరకదు.

అపోహ: నిపుణులందరూ ఒకే మాట అంటే నమ్మవచ్చు.

వాస్తవం: అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ 2001 డిసెంబరు 2న దివాలా పిటిషన్ వేయడానికి కొన్ని వారాల ముందు కూడా ఎక్కువమంది విశ్లేషకులు ఆ షేరును కొనమనే చెబుతున్నారు. నిపుణుల ఇలాంటి పొరపాట్లన్నిటినీ మోసమని కొట్టిపారేయలేము. 1929లో అమెరికా షేర్ మార్కెట్ పతనానికి కొద్ది రోజుల ముందు షేర్ల ధరలు శాశ్వతంగా ఉన్నత స్థాయికి చేరాయన్న ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్, ఆ నమ్మకంతోనే తన సొంత ఆస్తినీ పోగొట్టుకున్నారు.

అపోహ: వరుసగా ఐదుసార్లు సరిగ్గా చెప్పినవారు ఆరోసారీ చెబుతారు.

వాస్తవం: 1,024 మందిలో సగానికి 'పెరుగుతుంది', సగానికి 'పడుతుంది' అని సందేశం పంపి, ప్రతిసారీ తప్పిన సగాన్ని వదిలేస్తూ పోతే, ఐదు విడతల తర్వాత మిగిలిన 32 మంది కళ్లకు ఆ పంపినవాడు మహా నిపుణుడిగా కనిపిస్తాడు. సందేశాల్లో తిరిగే 'ఖాయమైన' టిప్పులను నమ్మకండి.

అపోహ: అయితే నిపుణుల మాట అసలు వినకూడదు.

వాస్తవం: వినాలి. కంపెనీ అప్పులు, నగదు రాబడి, పోటీ గురించి మంచి నివేదికలో ఉండే వివరాలను మనంతట మనం సేకరించుకోవడం కష్టం. ఆ ఉపాధ్యాయుడు ఇప్పటికీ నివేదికలు చదువుతున్నారు. మొదట తేదీ చూస్తారు, తర్వాత కారణాలు చదువుతారు, టార్గెట్ దగ్గరకు చివరన వస్తారు.