నిరామయ ఆరోగ్య బీమా: అపోహలు - వాస్తవాలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల థెరపీ కేంద్రంలో బీమా దరఖాస్తులు నింపించడం నా పని. కేంద్ర ప్రభుత్వ నిరామయ పథకం పేరెత్తగానే చాలామంది తల్లిదండ్రులు "మాకు రాదులెండి" అనేస్తారు. రాదనుకోవడానికి వాళ్లు చెప్పే కారణాల్లో చాలావరకు నిజం లేదు.

అపోహ: పుట్టుకతో వచ్చిన సమస్యకు ఏ బీమా వర్తించదు.

వాస్తవం: ప్రైవేటు కంపెనీలు కాదన్నాక ఇక్కడా అంతే అనుకుంటారు. నిరామయ పెట్టిందే ఈ పిల్లల కోసం. వయసు పరిమితి లేదు, చేరేముందు వైద్య పరీక్షా లేదు. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చులు, ఓపీ, మందులు, థెరపీ ఇందులోకి వస్తాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతుల కదలిక కష్టమయ్యే స్థితి) ఉన్న బిడ్డకు ఆపరేషన్ ఎప్పుడో ఒకసారి. ఫిజియోథెరపీ మాత్రం వారం వారం కావాలి. ఇంటిని అప్పుల్లోకి దించేది అదే. లక్షలో థెరపీకి విడిగా పెట్టిన పరిమితి చాలదు, పెంచి తీరాలి. అలాగని వచ్చేదాన్ని వదులుకోకండి.

అపోహ: తెల్ల రేషన్ కార్డు ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. కార్డు లేనివాళ్లు ప్రీమియం కొంచెం ఎక్కువ కడతారు. అదీ వందల్లోనే.

అపోహ: సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. నిరామయ మాత్రం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలోని నాలుగింటికే: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. వినికిడి లోపం ఒక్కటే ఉన్న బిడ్డకు ఇది రాదు. అదే బిడ్డకు చూపు లోపం కూడా ఉండి, రెండూ సర్టిఫికెట్‌లో నమోదైతే బహుళ వైకల్యం కింద అర్హత వస్తుంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లల విషయంలో ఇంకో చిక్కు. 2016 చట్టం దాన్ని చలన వైకల్యాల్లో చేర్చింది కాబట్టి, సర్టిఫికెట్‌లో ఆ ఒక్క మాటే రాసి ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. జబ్బు పేరు స్పష్టంగా రాయమని డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది బిడ్డ హక్కు.

అపోహ: ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇదెందుకు?

వాస్తవం: ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల వినికిడి పరికరం అమర్చడం) లాంటి ఖరీదైన శస్త్రచికిత్సకు అది ఆధారం. పైన చెప్పిన నాలుగు వైకల్యాలున్న పిల్లలకు ఏళ్ల తరబడి సాగే స్పీచ్ థెరపీకి మాత్రం నిరామయ కావాలి.

అపోహ: ఒకసారి చేరితే ఎప్పటికీ ఉంటుంది.

వాస్తవం: పాలసీ మార్చి 31తో ముగుస్తుంది, ఏటా పునరుద్ధరించుకోవాలి. చిన్నపిల్లలకు తరచూ తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని గడువూ చూసుకోండి. చికిత్స ఏ ఆసుపత్రిలోనైనా చేయించుకోవచ్చు. ముందు మీరు కట్టాలి, తర్వాత బిల్లులు పంపితే డబ్బు ఖాతాలో పడుతుంది. అందుకే థెరపీకి వెళ్లిన ప్రతిసారీ తేదీ, సంతకం ఉన్న రసీదు అడిగి తీసుకోండి.