మైలోడు నీమీద అలగలేదు

చిన్నారికీ బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

"పండక్కి నేను పెట్టిన చెరుకుముక్క మైలోడు కింద పడేశాడు, నేనంటే ఇష్టం పోయిందా తాతయ్యా?" అని మన ముసలెద్దు గురించి అడిగావు కదూ చిన్నారీ. ఫోన్లో చెబుదామంటే మధ్యలో బుజ్జిగాడు లాక్కుంటాడు. అందుకే రాస్తున్నాను.

ఇష్టం పోలేదమ్మా, పళ్ళు పోయాయి.

ఎద్దుకీ మనలాగే 32 పళ్ళు. కానీ ముందు పళ్ళు 8, అన్నీ కింది దవడకే. పైన ఉండేది గట్టి చిగురు. గడ్డిని నాలుకతో చుట్టి, ఆ రెంటి మధ్య పట్టి తెంపుతుంది. రెండేళ్ళు దాటాక పాలపళ్ళలో నడిమి రెండూ ఊడి పెద్దవి వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు. అయిదేళ్ళకి నోరు నిండుతుంది. బండలాగుడు పందేల్లో 'రెండు పళ్ళ విభాగం' అని మైకులో అరిచేది ఈ లెక్కే. సంతలో బేరగాళ్ళు మూతి తెరిచి చూసేదీ ఇలా వయసు తెలుసుకోడానికే.

ఆపైన ఇక అరుగుదలే. మైలోడికి 18 ఏళ్ళు. ముందు పళ్ళు మొద్దుబారి కదులుతున్నాయి, దవడ పళ్ళూ అరిగాయి. ఎద్దు ముందు గబగబా మింగేసి, ఆనక తీరిగ్గా రోజుకి ఆరేడు గంటలు నెమరేస్తుంది. నమలడం కుదరకపోతే తిన్నది ఒంటబట్టదు. గాడి నిండా మేతున్నా వాడి డొక్కలు పడింది అందుకే. ఇప్పుడు చొప్ప సన్నగా నరికి, తవుడు, తెలగపిండి నానబెట్టి పెడుతున్నాను. అన్నం, పిండి మాత్రం ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులిసి ప్రాణం మీదికొస్తుంది. కనుమనాడు బుజ్జిగాడు పొంగలి గిన్నె బోర్లించబోతే నేను అరిచింది దానికేరా.

చూపు కూడా మసకేసింది. వెనకనుంచి వెళ్ళకండి, ముందు పేరు పెట్టి పిలవండి. లేచేటప్పుడు పగ్గం పట్టి లాగొద్దు. ఎద్దు ముందు నడుం లేపి, మోకాళ్ళమీద కాసేపు ఆగి, అప్పుడు నిలబడుతుంది. ఆ ఆగడం వీడికిప్పుడు ఎక్కువైంది, అంతే.

ఒకటి మాత్రం మారలేదు. కాడికి వీణ్ణి ఎప్పుడూ ఎలపటే, అంటే కుడివైపే కట్టేవాళ్ళం. జోడు పోయింది, కాడి అటకెక్కింది. అయినా వాగుకి తోలుకెళ్తే ఎడమవైపు దాపట చోటు వదిలేసి, బాటకి కుడిపక్కనే నడుస్తాడు. మీ నాయనమ్మ నవ్వుతుంది. నాకైతే నవ్వు రాదు.

అమ్మేస్తారా అని బుజ్జిగాడి అనుమానం. అమ్మను. ముసలెద్దుని సంతకి తోలితే కొనేవాడు దున్నుకునేవాడు కాదు. అలాగని అమ్మినవాళ్ళని చెడ్డవాళ్ళనుకోకండి. ట్రాక్టర్లొచ్చాక పనిలేని ఎద్దుకి ఏడాది పొడుగునా మేత కొనడం అందరి వల్లా కాదు. ఎన్నాళ్ళుంటాడంటే, బాగా చూసుకుంటే ఎద్దు 20 ఏళ్ళదాకా బతుకుతుంది. ఆ లెక్క మీ దగ్గర దాచను.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు బట్టలుతికే బ్రష్షొకటి తెండి. మెడ కింద వేలాడే గంగడోలు గోకితే వాడు మెడ చాపుతాడు, నా గోళ్ళు చాలట్లేదు.

మీ తాతయ్య