కదిలే బొమ్మల ఫార్మాట్లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఉంటూ బట్టల దుకాణాలకు, గుంటూరు మిర్చి వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారు చేయడం నా వృత్తి. బ్యానర్ కావాలని వచ్చేవారు దాదాపు అందరూ "ఒక జిఫ్ చేసి పెట్టండి" అనే అడుగుతారు. బొమ్మ కదలాలన్నదే వారి కోరిక. దాన్ని ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలో తేల్చవలసిన బాధ్యత మనది, ఆ తేల్చడంలోనే కొన్ని అపోహలు అడ్డు వస్తున్నాయి.

అపోహ: జిఫ్ పాతది కాబట్టి తేలికైనది, చిన్న ఫోన్లకు అదే మేలు.

వాస్తవం: 1987లో కంప్యుసర్వ్ సంస్థ రూపొందించిన జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే కదలికలోని ఒక్కో చిత్రానికి, 256 రంగులే ఉంటాయి, సగం పారదర్శకత అసలే ఉండదు. ఒకే రంగు వరుసగా సాగే చోట దాని కుదింపు (ఫైలును చిన్నది చేసే పద్ధతి) చక్కగా పనిచేస్తుంది కనుక, అక్షరాలు మాత్రమే కదిలే చిన్న లోగోకు అది ఇప్పటికీ సరిపోతుంది. అయితే మంగళగిరి చీర జరీ అంచు మీద వెలుగు జారే దృశ్యాన్ని కెమెరాతో తీసి జిఫ్‌గా మారిస్తే, లేని రంగులను భ్రమింపజేయడానికి సాఫ్ట్‌వేర్ చుక్కలు చల్లుతుంది; ఆ చుక్కలు రంగుల వరుసలను తెంపేయడంతో కుదింపు దెబ్బతిని, నాణ్యత తగ్గిన ఫైలే బరువెక్కుతుంది.

అపోహ: ఉన్న జిఫ్‌ను వెబ్‌పీ (WebP) అనే మరో బొమ్మల ఫార్మాట్‌కు మార్చేస్తే చాలు.

వాస్తవం: నేను ఎక్కువసార్లు సరిదిద్దవలసి వచ్చిన పొరపాటు ఇదే. జిఫ్‌లో ఒకసారి పోయిన రంగులు ఏ ఫార్మాట్‌లోకి మార్చినా తిరిగి రావు, పైగా అందులో చల్లిన చుక్కలను కూడా కొత్త ఫైలు ఓపికగా మోయవలసి వస్తుంది. అందువల్ల అసలు వీడియోనో, డిజైన్ ఫైలునో అడిగి తెప్పించుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రెండో చిక్కు ఎరుపుది. నాణ్యత కొంత వదులుకునే రకం వెబ్‌పీ, వెలుతురు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాస్తుంది. మామూలు ఫోటోలో ఈ తేడా కంటికి ఆనదు. నల్లటి నేపథ్యం మీద సన్నని ఎర్రటి అక్షరాలు ఉన్నప్పుడు మాత్రం అంచులు అలుక్కుపోయి కనిపిస్తాయి. ఒక మిర్చి వ్యాపారి బ్యానర్‌లో సరిగ్గా ఇదే జరిగింది, నాణ్యత అంకెను ఎంత పెంచినా బాగుపడలేదు. నాణ్యత ఏమాత్రం తగ్గని రకం వెబ్‌పీలోకి మార్చిన తరువాతే అక్షరాలు తేటపడ్డాయి.

అపోహ: ఏపీఎన్‌జీని (APNG, కదిలే పీఎన్‌జీ బొమ్మను) బ్రౌజర్లు తెరవవు.

వాస్తవం: ఫైర్‌ఫాక్స్ 2008లోనే తెరిచింది, సఫారీ 2014లో, క్రోమ్ 2017లో అందుకున్నాయి. పూర్తి రంగులు, మృదువైన పారదర్శక అంచులు కావలసిన చిన్న చిహ్నాలకు నేను దీన్నే ఎంచుకుంటాను. కెమెరా దృశ్యాలకు మాత్రం పనికిరాదు, ఫైలు చాలా పెద్దదవుతుంది.

అపోహ: ఏవీఐఎఫ్ (AVIF) అనే కొత్త ఫార్మాట్ వచ్చాక మిగతావాటితో పని లేదు.

వాస్తవం: ఏవీ1 అనే వీడియో కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) నుంచి పుట్టింది కాబట్టి, ముందు ఫ్రేమ్‌లోని వస్తువు ఎటు జరిగిందో నమోదు చేసుకోగలదు. జిఫ్‌కు, కదిలే వెబ్‌పీకి ఆ నేర్పు లేదు, మారిన భాగాన్ని మళ్లీ రాసుకుంటాయి. అయితే ఫైర్‌ఫాక్స్ నిశ్చల ఏవీఐఎఫ్‌ను 2021లోనే తెరిచినా, కదిలేదాన్ని 2023లో గాని తెరవలేదు. ఏ బ్రౌజర్‌కు ఏ బొమ్మ చూపాలో వెబ్‌పేజీలో చెప్పే పిక్చర్ ట్యాగ్‌లో రాసే ఫైలు రకం ఈ తేడాను చెప్పలేదు కనుక, పాత ఫోన్లలో పరీక్షించి చూడాలి. దృశ్యం కొన్ని సెకన్లు దాటితే శబ్దం తీసేసి, తనంతట తానే ఆడేలా వీడియో ట్యాగ్‌లో పెట్టడం ఉత్తమం. వాట్సాప్‌లో మనం జిఫ్ అని పంపుకునేది కూడా నిజానికి ఎంపీ4 వీడియోయే.

అపోహ: ఫ్రేమ్ వ్యవధి సున్నా పెడితే జిఫ్ అత్యంత వేగంగా ఆడుతుంది.

వాస్తవం: సెకనులో వందో వంతు, అంతకన్నా తక్కువ వ్యవధిని బ్రౌజర్లు పదో వంతుగా మార్చేస్తాయి, అంటే బొమ్మ నెమ్మదిస్తుంది.

అపోహ: బొమ్మ ఎంత మెరిస్తే అంత మంచిది.

వాస్తవం: సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే బొమ్మ మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ప్రమాదకరం కావచ్చు. అయిదు సెకన్లకు మించి తనంతట కదిలేదాన్ని ఆపే వీలు ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. బొమ్మల ఫార్మాట్లు వేటికీ ఆపే బటన్ రాదు. అందుకే ఆషాఢం తగ్గింపుల బ్యానర్‌తో పాటు ఒక నిశ్చల చిత్రాన్ని కూడా సిద్ధం చేసి, ఫోన్‌లో కదలికలు తగ్గించమని అమర్చుకున్నవారికి అదే కనిపించేలా పిక్చర్ ట్యాగ్‌లో రాస్తున్నాను.