పెరటి సాలకు విడి మెయిన్ స్విచ్: నియమం వెనుక చరిత్ర

గజపతి జిల్లాలో పర్లాకిమిడి, కాశీనగర్ పరిసరాల్లోనూ, రాయగడ జిల్లాలో గుణుపూర్ వైపునా తెలుగువారి పాత ఇళ్లు చాలావరకు వీధి నుంచి వెనక్కి పొడవుగా సాగుతాయి. మీటరు వీధి వసారాలో ఉంటుంది. పశువుల సాల, బోరు మోటారు గది, పెద్దబ్బాయి పెళ్లయ్యాక కట్టిన రెండు గదుల ఇల్లు పెరట్లో ఉంటాయి. ముందింటి బోర్డులోంచి తీసిన వైరు ప్రహరీ మీదుగానో, కొబ్బరిచెట్టుకు కట్టిన ఇనుప తీగ ఆసరాతోనో అక్కడికి చేరుతుంది. ఆ చివర బల్బుకూ ఫ్యానుకూ స్విచ్‌లు ఉంటాయి గాని, ఆ కట్టడానికి వచ్చే కరెంటు మొత్తాన్ని ఒక్కసారిగా తెంచే సాధనం సాధారణంగా కనిపించదు. దీన్ని వైరింగ్ మేస్త్రీ అజాగ్రత్త అని సరిపెట్టుకోవచ్చు గాని, కారణంలో కొంత భాగం నియమాల్లోనే ఉంది.

ముందుగా రెండు పనులను విడదీసి చూడాలి. ఫ్యూజు గాని ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తెగి, మళ్లీ వేసుకోగలిగే చిన్న స్విచ్) గాని వైరును కాపాడుతుంది. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే అది తెగిపోవాలి కనుక, దాని స్థానం వైరు మొదలయ్యే చోట, అంటే ముందింట్లో. విడదీసే స్విచ్ మనిషిని కాపాడుతుంది. సాలలో మంట లేచినా, గేదెకు షాక్ కొట్టినా అక్కడున్నవాడు ఆ క్షణంలోనే కరెంటు తెంచగలగాలి కనుక, దాని స్థానం వైరు ముగిసే చోట. ఇప్పటి బోర్డుల్లో ఒకే ఎంసీబీ రెండు పనులూ చేయగలదు గనుక, ముందింట్లో ఒకటి ఉంటే పెరట్లో రెండోది అక్కర్లేదన్న నమ్మకం బలపడింది.

ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది. అయితే 1910 నాటి భారత విద్యుత్ చట్టం సరిహద్దుకు రెండు వైపులా ఒకటే కనుక మారినవి కార్యాలయాలే, చట్టం కాదు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు అయిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టగా, మరుసటి ఏడాది భారత విద్యుత్ నియమాలు వచ్చాయి. ఆ 1956 నియమాల్లో 31వది, సర్వీసు లైనులో ఎర్త్ చేసిన న్యూట్రల్‌కు (కరెంటు తిరిగివెళ్లే, భూమికి కలిపిన తీగకు) తప్ప ప్రతి తీగకూ కటౌటు, అంటే ఫ్యూజు, పెట్టే బాధ్యతను సరఫరాదారుపై ఉంచింది. 32వది న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు పెట్టడాన్ని నిషేధించింది. న్యూట్రల్ ఫ్యూజు మాత్రమే పోతే దీపం ఆరిపోయినా తీగలో కరెంటు మిగిలే ఉంటుంది కనుక అది సబబైన నిషేధం.

అసలు చిక్కు 50వ నియమంలో ఉంది. సరఫరా మొదలయ్యే చోటికి వీలైనంత దగ్గరగా, సులభంగా అందేలా, మొత్తం ఇన్‌స్టలేషన్‌ను, అంటే ఇంటి వైరింగునంతా, విడదీయగల లింక్డ్ స్విచ్ (తీగలన్నిటినీ ఒకేసారి తెంచేది) గాని సర్క్యూట్ బ్రేకర్ గాని ఉండాలనీ, విడి సర్క్యూట్ ప్రతిదానికీ అధిక కరెంటు నుంచి రక్షణ ఉండాలనీ అది చెప్పింది. ఫ్యూజు కాలినప్పుడు వేడి లోహపు చుక్కలు చిమ్మకుండా దాని నిర్మాణం ఉండాలని కూడా రాసినంత జాగ్రత్త ఆ నియమానిది. అయితే సరఫరా మొదలయ్యే చోటూ వినియోగదారుడి పరికరాలూ దగ్గరగా ఉంటే ఒక్క స్విచ్ చాలునన్న మినహాయింపును కూడా అదే ఇచ్చింది. ఎన్ని మీటర్ల లోపు దగ్గరో చెప్పలేదు. నియమం సర్క్యూట్‌ను లెక్కలోకి తీసుకుంది గాని కట్టడాన్ని తీసుకోలేదు. దూరంగా ఉన్న పెరటి గది ముందింటి స్విచ్ లెక్కలోనే కలిసిపోవడానికి ఆ సందు సరిపోయింది. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నియమాల్లోకి కూడా ఈ ఏర్పాటు పెద్ద మార్పు లేకుండానే వచ్చింది.

అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఈ విషయంలో వేరే దారి పట్టింది. 1897లో మొదలైన ఆ కోడ్‌లోని 225వ ఆర్టికల్ కట్టడాన్నే ప్రమాణంగా తీసుకుని, వేరే కట్టడం నుంచి సరఫరా పొందే ప్రతి కట్టడానికీ తీగలు లోపలికి వచ్చే చోటికి దగ్గరగా విడదీసే సాధనం ఉండాలంటుంది. ఇంటి ఆవరణలోని గ్యారేజీ వంటి చిన్న కట్టడానికి మామూలు గోడ స్విచ్ కూడా చాలంటుంది; ఖర్చు భయపెట్టకుండా నియమం అమలయ్యేలా చూసిన ఈ సడలింపు నాకు ఎంతో వివేకవంతంగా కనిపిస్తుంది. అయితే ఆ దేశపు వీడియోలు చూసి పెరటి బోర్డులో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేస్తున్న కుర్రాళ్లు ఒకటి గమనించాలి: ఒకప్పుడు కొన్ని షరతులపై అనుమతించిన ఆ పద్ధతిని కొత్త కట్టడాలకు అమెరికా కోడే 2008లో ఆపేసింది.

మన పల్లెల్లో ఈ సందు మొదట్లో పెద్దగా హాని చేయలేదు. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి కనెక్షన్ అంటే ఒక్క బల్బు. 2005 నాటి రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ, 2017 నాటి సౌభాగ్య పథకాల తర్వాత ఇళ్లలోకి ఫ్రిజ్, మోటారు, గడ్డి కత్తిరించే యంత్రం వచ్చాయి. పెరటి వైరు మాత్రం చాలాచోట్ల పాతదే.

ఆ వైరు పొడవు చేసే హాని లెక్కలో తేలుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓంల నిరోధం ఉంటుంది కనుక, 60 మీటర్ల దూరానికి రానుపోను కలిపి దాదాపు 1.45 ఓంలు అవుతుంది. చివర్లో షార్టయినా పారేది 160 ఆంపియర్లకు మించదు. సి రకం 32 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం తెగాలంటే దాని రేటింగుకు ఐదు నుంచి పది రెట్ల కరెంటు కావాలి, అంటే కనీసం 160. అందువల్ల అది వెంటనే తెగదు; తెగేలోపు వైరు మాడుతుంది. ఎర్త్ లోపమైతే, అంటే కరెంటు భూమిలోకి కారితే, పరిస్థితి మరీ అధ్వానం: పెరట్లో పాతిన ఎర్త్ రాడ్డు నిరోధం 20 ఓంలుంటే పారేది పదకొండున్నర ఆంపియర్లే కనుక ఆ ఎంసీబీ అసలే తెగదు. అక్కడ కాపాడగలిగింది అలా కారే కరెంటును పసిగట్టి 30 మిల్లీ ఆంపియర్లకే తెగే ఆర్‌సీసీబీ అనే పరికరం ఒక్కటే. 2010 నియమాలు 5 కిలోవాట్ల లోపు సింగిల్ ఫేజ్ ఇళ్లను ఆ పరికరం నుంచి మినహాయించాయి. పల్లె ఇళ్లలో అధికభాగం ఆ పరిమితిలోనివే.

2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఛిద్రం చేసినప్పుడు సమస్య ఇంకో వైపు నుంచి కనిపించింది. కరెంటు లేని రోజుల్లో జనరేటరు వైరును పెరటి సాకెట్టులో గుచ్చితే, మధ్యలో విడదీసే స్విచ్ లేని పక్షంలో ఆ కరెంటు ముందింటి బోర్డు మీదుగా వీధి లైనుకెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 కిలోవోల్టులకు పెంచుతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఆ సంగతి తెలిసే వీలు లేదు.

2023లో భద్రతా నియమాలను మళ్లీ కొత్తగా ప్రకటించారు. కాగితంపై తనిఖీకి ఎన్నడూ లోటు లేదు: కనెక్షన్ ఇచ్చేముందు పరీక్షించాలని 1956 నియమాల్లో 47వదీ, ఐదేళ్లకు మించకుండా మళ్లీ పరీక్షించాలని 46వదీ అప్పుడే చెప్పాయి. ఆచరణలో మొదటి పరీక్ష మీటరు బిగించే రోజుతోనే ముగుస్తుంది. పెరటి గది ఆ తర్వాత లేస్తుంది. దాని వైరును చాలాసార్లు పాతపట్నం వైపు నుంచి వచ్చిన మేస్త్రీ లాగుతాడు, అతనికి పర్మిట్ ఉన్నా అది ఆంధ్రప్రదేశ్‌ది. ఐదేళ్ల పరీక్షకు మనిషి వచ్చిన ఇల్లు మా వైపు అరుదు.